ఎవడూ చూడని సంతకం

పాముచేప తలకి మేకు దిగగొట్టి, మెడ చుట్టూ గాటు పెట్టి, తోలు లాగబోతుండగా ఫోనులో బ్యాంకు మెసేజి మోగింది.

'టాక్ మున్‌సిక్ గారి కొత్త కార్డు. పంది సూపు హోటల్. ఇరవై ఏడు వేల వోన్లు.'

ఆ పేరు మీద ఏ కార్డు గీకినా కబురు అతని ఫోనుకే వస్తుంది. కానీ అతని కార్డు అతని జేబులోనే ఉంది. కొత్త కార్డేమిటి?

బుసాన్ చేపల బజారులో టాక్ మున్‌సిక్ అంటే జాగ్రత్తకి పెట్టింది పేరు. బ్యాంకు కవరు వస్తే చదివి బొగ్గుల పొయ్యిలో పడేస్తాడు. పిన్ నంబరు నొక్కేటప్పుడు పెళ్ళాన్ని కూడా అటు తిరగమంటాడు. ఆ పొయ్యిలోనే ఎప్పుడో కాలి నున్నబడ్డ బొటనవేళ్ళు ఆడిస్తూ కొట్టుకొట్టుకీ వెళ్ళి పోట్లాడతాడు. ఎందుకంటే ఈ ఊళ్ళో కార్డు ఇస్తే కొట్టువాళ్ళే కార్డు యంత్రం తెర మీద ఓ వంకర గీత గీసేస్తారు. ఆ సంతకం ఎవరిదని అడిగే నాథుడు లేడు.

"నీ పేరేమన్నా బంగారమా అన్నా, ఎవడో ఎత్తుకుపోడానికి?" అని నవ్వేవాళ్ళు.

"పేరు పోతే కొట్టు పోద్ది, ఇల్లు పోద్ది, పెళ్ళాం పిల్లా నావాళ్ళు కాకుండా పోతారు. మీకేం తెలుసు!" అని అరిచేవాడు.

ఫోను మళ్ళీ మోగింది. స్నానాల ఇల్లు. తొమ్మిది వేలు.

"పోలీసులకి ఫోన్ చెయ్యన్నా," అంది పక్కన పీతలమ్మే ఓక్‌బున్.

"వాళ్ళొచ్చి కాగితాలు రాసుకునేలోపు వాడు నా కొంప ముంచుతాడు. నేనే చూసుకుంటా."

చేతిలో కత్తితోనే పరుగెత్తాడు.

సూపు హోటల్ ముసలమ్మ మీద విరుచుకుపడ్డాడు. "ఎవడు తిన్నాడు పెద్దమ్మా? నీకు కళ్ళు లేవా? కార్డు ఎవడిదో చూడక్కర్లా?"

"అరవకు నాయనా. మూడు గిన్నెలు తిన్నాడు పాపం, ఏడుస్తూ. ఉప్పేసుకోమంటే ఉప్పు మాటే ఎత్తొద్దన్నాడు. గీత నేనే గీసేస్తానంటే ఒప్పుకోలా. తనే పెట్టాడు సంతకం, టాక్, మున్, సిక్ అని మూడక్షరాలూ గుండ్రంగా. నీకంటే పద్ధతైన మనిషి!"

అతని ఒళ్ళు భగ్గుమంది. సంతకం కూడానా! ఎంత ధైర్యం వెధవకి!

మూడోసారి మోగింది. చెప్పుల కొట్టు.

రెండు సందులు దాటేసరికి అద్దంలోంచి కనిపించాడు వాడు. వంగి కొత్త బూట్లకి లేసులు కట్టుకుంటున్నాడు. పక్కన చిరిగిన రబ్బరు చెప్పులు.

అతను వెనక నుంచి వెళ్ళి జుట్టు పట్టుకుని తలని అద్దానికేసి కొట్టాడు. అద్దం ముక్కలైంది. వాణ్ణి తిప్పి మొహం చూశాడు. చూశాక ఇంకా గట్టిగా కొట్టాడు.

"నా పేరు..." అనబోయాడు వాడు.

నోటి మీద గుద్దాడు. రెండు పళ్ళు నేల మీద పడ్డాయి.

"నా..."

మళ్ళీ నోటి మీదే గుద్దాడు. మోకాలితో డొక్కలో పొడిచాడు. బీటలు వారిన వాడి కుడిచేతి వేళ్ళని మడమతో ఎముకలు పటపటమనేదాకా తొక్కాడు. కొట్టువాడు కేకలు పెడుతుంటే, కత్తి వాడి గొంతు మీద ఆనించాడు. ఇంకో రెండు క్షణాలైతే తెగేది. ఓక్‌బున్ ఫోన్ చేసి పిలిచిన పోలీసులు వచ్చి వెనక్కి లాగి కత్తి గుంజుకున్నారు.

"వదలండి సార్! వీడు నా పేరు దొంగిలించాడు! నా పేరు మీద కార్డు తీసుకుని తిరుగుతున్నాడు! అడగండి ఈ బజారుని!"

వెనకాలే పరుగెత్తుకొచ్చిన బజారంతా అవునంది.

"పన్నెండేళ్ళుగా చూస్తున్నాం సార్, ఈయనే టాక్ మున్‌సిక్," అన్నారు. "ఆ వెధవని తన్నండి సార్!" అన్నారు. ఓక్‌బున్ కింద పడ్డవాడి మీద ఉమ్మేసింది.

వాడికి మాట రాలేదు. నెత్తురు మింగుతూ, మిగిలిన ఎడమచేతి బొటనవేలు పైకెత్తి చూపించాడు. పోలీసుకి అర్థమైంది. వేలిముద్రల యంత్రం తీసి ఆ వేలు పెట్టించాడు.

ఎర్ర దీపం వెలిగింది. యంత్రం పోల్చుకోలేదు.

"చూశారా!" అన్నాడు అతను, పొద్దుటినుంచి మొదటిసారి నవ్వుతూ.

పోలీసు ఆ వేలికంటిన నెత్తురు తుడిచి మళ్ళీ పెట్టించాడు.

ఈసారి యంత్రం పచ్చగా వెలిగి, టాక్ మున్‌సిక్ అంటే నేల మీద పడి ఉన్న మనిషేనని చూపించింది. పన్నెండేళ్ళ కిందట ఆ మనిషిని దీవిలో ఉప్పు మళ్ళలో వెట్టిచాకిరీకి అమ్మేసి, అతని పేరు పెట్టుకుని ఈ బజారుకి వచ్చినవాడు, తనే కాల్చుకున్న బొటనవేళ్ళు రెండూ పిడికిళ్ళలో దాచుకున్నాడు.