ఐదో అంతస్తావిడ చూపు

లిఫ్టులో ఐదో అంతస్తు ముసలావిడ చెయ్యి చాచి, పిచ్చుక కుడి కన్ను మూసింది.

పిచ్చుకంటే నాలుగేళ్ళ ఆడపిల్ల. ఒక్కచోట నిలవదని ఇంట్లో అలా పిలుస్తారు.

కన్ను మూయగానే పిల్ల లిఫ్టు అదిరిపోయేలా కెవ్వుమంది.

తల్లి ఆ చేతిని విసిరికొట్టింది.

"చెయ్యి తియ్! మళ్ళీ నా పిల్లని ముట్టుకున్నావంటే మర్యాదగా ఉండదు!" అంది అచ్చ తెలుగులో.

ఆ దేశం వచ్చి చాన్నాళ్ళే అయినా, అక్కడి భాష ఆమెకి కూరగాయల కొట్టు దాటి రాలేదు. కోపానికి భాషతో పనేముంది!

ముసలావిడ బెదరలేదు. వేలితో తన కన్ను చూపించింది. తర్వాత పిల్ల కన్ను చూపించింది. మళ్ళీ తన కన్ను.

"నా కన్ను దీని మీద పడిందీ అని మొహం మీదే చెబుతోందండీ!" అంది తల్లి ఆ సాయంత్రం భర్తతో.

"ఊరుకో. అలా ఎవరైనా చెబుతారా?"

"చెప్పింది కదా! ఎప్పుడు ఎదురుపడినా అంతే. గుడ్లగూబలా మొహమంతా తిప్పి చూస్తుంది. నావైపు తిరిగి మాట్లాడుతున్నా ఆ ఎడమ కన్ను మాత్రం దీని మీదే ఉంటుంది."

"గుడ్లగూబ, గుడ్లగూబ!" అని పిచ్చుక టీవీ ముందు కూర్చుని పాట కట్టింది. టీవీ చూసేటప్పుడు తల ఓ పక్కకి వంచడం ఆ పిల్లకి అలవాటు. ఎంత వయ్యారమోనని తల్లి వీడియోలు తీసి చుట్టాలందరికీ పంపేది.

ఫోన్లో పిచ్చుక అమ్మమ్మ ఉపాయం చెప్పింది.

"ఎండుమిరపకాయలూ ఉప్పూ దిగదుడిచి నిప్పుల్లో వెయ్యవే. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టే."

నిప్పులెక్కడివి? కరెంటు పొయ్యి మీద పెనం పెట్టి మాడ్చింది. ఘాటు బ్రహ్మాండంగా వచ్చింది. దిష్టి లేనట్టే లెక్క. కానీ ఫైర్ అలారం మోగింది. బిల్డింగు మొత్తం దగ్గుకుంటూ కిందికి దిగి చలిలో నిలబడింది.

"రొట్టె మాడిందండీ," అని భర్త కనపడినవాళ్ళందరికీ సంజాయిషీ చెప్పుకున్నాడు.

ఆ గుంపులోంచి ముసలావిడ మళ్ళీ వీళ్ళవైపే వస్తోంది. తల్లి పిల్ల మొహాన్ని గబగబా శాలువాలో దాచేసింది.

"మేనేజరుతో మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

మర్నాడు ఆయనే చెప్పాడు. పరాయి పిల్లని ముట్టుకోవడం అక్కడ చిన్న తప్పేం కాదు. పిల్ల ఉన్నప్పుడు ఆవిడ లిఫ్టు ఎక్కకూడదని తీర్పయింది.

"పిల్ల కళ్ళ గురించి ఆవిడేదో చెప్పిందట," అన్నాడు భర్త బూట్లు విప్పుతూ. "మేనేజరు మొదలుపెట్టాడు గానీ నేనే వినలేదు."

"కళ్ళ గురించేనా? చూశారా! నేను చెప్పలా?"

పందెం గెలిచినట్టు సంబరపడింది తల్లి.

ఆ తర్వాత లిఫ్టు తలుపులు మూసుకునేటప్పుడు, రెయిలింగు పట్టుకుని మెట్లెక్కుతున్న ముసలావిడ కనిపించేది. రెండు మెట్లెక్కి ఆయాసంతో ఆగేది. తల్లికి ఎక్కడో చివుక్కుమనేది. 'పిల్లకంటే ఎక్కువా ఏంటి?' అని సర్దిచెప్పుకునేది.

కొన్నాళ్ళకి ఆవిడ కనపడటమే మానేసింది. పీడ విరగడైందనుకున్నారు.

ఏడాది తిరిగింది. బడిలో పిల్లలందరికీ కంటి పరీక్ష చేశారు. పిచ్చుకని ఆసుపత్రిలో చూపించమన్నారు.

కళ్ళ డాక్టరమ్మ నవ్వుతూ పలకరించి, పిల్ల కుడి కన్ను మూసింది.

పిల్ల కెవ్వుమంది. లిఫ్టులో పెట్టిన కేకే.



డాక్టరమ్మ చెబుతుంటే భర్త తెలుగులో చెప్పాడు. ఎడమ కన్ను ఎప్పటినుంచో సరిగా పని చెయ్యడం లేదు. పిల్ల ఒంటికన్నుతోనే నెట్టుకొస్తోంది. ఇక కుడి కంటికి పట్టీ వేసి ఎడమ కంటికి పని చెప్పాలి. నిరుడే వచ్చి ఉంటే చాలావరకు బాగయ్యేది. ఇప్పుడు ఎంత చూపు వస్తే అంతే.

"ఇన్నాళ్ళూ ఎవరూ కనిపెట్టలేదా అని అడుగుతోంది," అన్నాడు ఆయన నేల చూపులు చూస్తూ.

తల్లి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. కనిపెట్టిన మనిషి చేతిని విసిరికొట్టింది తనే. సిగ్గుతో చచ్చిపోయింది. డాక్టరమ్మ మొహం కూడా చూడలేకపోయింది.

ఆసుపత్రి నుంచి తిన్నగా మేనేజరు గదికి వెళ్ళారు.

"ఐదో అంతస్తావిడ కళ్ళ డాక్టరేమో అడగండి. ఇప్పుడెక్కడుందో కనుక్కోండి. వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను," అంది తల్లి.

మేనేజరు తల అడ్డంగా ఊపాడు. చాలాసేపు ఏదో చెప్పాడు. వింటున్నకొద్దీ భర్త మొహం పాలిపోయింది.

"ఏమంటున్నాడండీ?"

"మెట్లెక్కలేక అప్పుడే ఖాళీ చేసి వెళ్ళిపోయిందట. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదట."

"డాక్టరేనా?"

"డాక్టరేం కాదట."

ఆయన పిచ్చుక తల నిమిరాడు.

"మన పిల్ల వయసులో ఆవిడకీ ఇదే జబ్బట, ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదట... పిల్ల మీద పడిందని మనం భయపడ్డామే, ఆ ఎడమ కంటికి అసలు చూపే లేదట."