చలిగాలికి పెద్ద జెట్

“అక్కా, ఒక్కసారిగా చలి ముంచుకొచ్చింది. కార్బురేటర్‌లో ఏ జెట్ వెయ్యమంటావు?”

బైకు రేసుకు బయల్దేరుతూ తమ్ముడు గుమ్మంలో నిలబడి అడిగాడు. ఆ బండిని అంత బాగా తీర్చిదిద్దింది అక్కే. అయినా ఇంజన్ పాడుచేస్తోందని లేనిపోని నింద వేసి, నాన్న షెడ్డులోంచి ఆమెను గెంటేసింది ఈ తమ్ముడే.

“పెద్ద రంధ్రమున్నది వెయ్యి. చల్లగాలి చిక్కగా ఉంటుంది, దానికి తగ్గట్టు పెట్రోలు ఎక్కువ అందాలి. చిన్నది వేస్తే ఇంజన్ కాగిపోయి పిస్టన్ పట్టేస్తుంది.”

వాడు ఆమె ముఖంలోకి అనుమానంగా చూశాడు. “నిజంగానా?”

“ఒట్టురా.”

పగబట్టిన మనిషి మంచి ఎందుకు చెబుతుందనుకుని, వాడు లోలోపల నవ్వుకుంటూ వెళ్లి చిన్న జెట్ బిగించాడు. రేసు మధ్యలో పిస్టన్ పట్టేసి, వెనకచక్రం బిగుసుకుపోయి, బండి గడ్డిలోకి దూసుకెళ్లి పడింది.

మోచేతులు దోక్కుపోయి, కుంటుకుంటూ వచ్చాడు. “పగ తీర్చుకున్నావు కదూ!”

“నేను నిజమే చెప్పాను కదరా.”

“నువ్వు నిజం చెప్తావని ఎవడనుకుంటాడు? నీ స్థానంలో నేనుంటే…”

మాట మధ్యలోనే నాలిక కరుచుకున్నాడు.

“తెలుసురా,” అంది అక్క. “అందుకే నిజం చెప్పాను.”