మళ్లీ నిన్నటి ఇన్‌పుట్లే

“ఇవి నిన్నటివే కదమ్మా!” ఆదిశేషయ్య ఇంతెత్తున లేచాడు.

“కాదు సార్, గిప్పుడే తీసిన,” అంది రశ్మి.

“ఒక్క అక్షరం తేడా లేదు! క్వాంటం ప్రోగ్రాములో తప్పు పట్టుకోవాలంటే రకరకాల ఇన్‌పుట్లు పడాలి. సాయంత్రం బెంగళూరు వాళ్లు చూస్తారు. అప్పటికీ ఇవే అయితే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.”

బెంగళూరు కంపెనీ ప్రోగ్రాముల్లో తప్పులు వెతికిపెట్టే ఛత్రినాకలోని ఆ చిన్న ఆఫీసుకు ఆయనే యజమాని. విసురుగా తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

రశ్మికి ఒళ్లు మండిపోయింది. వారం రోజులుగా ఇదే గోల. ఇన్‌పుట్లు పుట్టించే కోడు తిరగరాసింది. కంప్యూటర్ మార్చింది. అయినా అవే. సున్నానో ఒకటో తేల్చి చెప్పని క్వాంటం కంప్యూటర్ క్యూబిట్లు కూడా తన దగ్గరికొచ్చేసరికి ఒక్క మాట మీదే నిలబడుతున్నాయి. ఈ ఉద్యోగం కోసం ఎన్ని ఆఫీసుల మెట్లెక్కి దిగిందో తనకే తెలుసు. కోపంతో కీబోర్డు మీద ఒక్కటిచ్చింది.

“ఏంది రశ్మీ, గదేం పాపం చేసింది?” అన్నాడు పక్క సీటు డానియేలు.

“నౌక్రీ పోయేటట్టుందన్నా. నువ్వు ఇంక పరేషాన్ చెయ్యకు.”

“అందరం వాడే సెట్టింగుల ఫైలు చూసినవా?”

“దాన్ని మనం ముట్టుకుంటలేం గదా.”

“ఒక్కపారి చూడరాదూ.”

విసుక్కుంటూనే తెరిచింది. కంప్యూటర్ ఏదో ఒక అంకెతో మొదలుపెట్టి ఇన్‌పుట్లు పుట్టిస్తుంది. ఆ అంకె ప్రతిసారీ మారాలి. మారకపోతే బయటికొచ్చేవీ మారవు. అక్కడ ఎవరో తొమ్మిది బిగించి పెట్టారు.

“ఏ బుద్ధిలేనోడు పెట్టిండన్నా దీన్ని!” పళ్లు నూరుతూ పీకేసింది.

సాయంత్రానికి కొత్త ఇన్‌పుట్లు కుప్పలుగా వచ్చాయి. వాటిలో ఒకదాని దగ్గర బెంగళూరు వాళ్ల ప్రోగ్రాము బోర్లాపడింది. తమకు ఇన్నాళ్లూ దొరకని తప్పు దొరికిందని వాళ్లు ఫోనులోనే పొగిడి, మరో ఏడాది పని ఒప్పజెప్పారు.

రశ్మికి ప్రాణం లేచొచ్చింది. వారం రోజులు తనను ఏడిపించిన ఆ మనిషెవరో తేల్చాల్సిందేనని సార్ గదిలోకి వెళ్లింది.

“సార్, సెట్టింగులల్ల ఎవరో...”

మాట పూర్తికాకముందే ఆదిశేషయ్య ఆమె చేతిలో లడ్డూ పెట్టాడు.

“నువ్వూ చూశావన్నమాట! సంఖ్యాశాస్త్రం ప్రకారం మనకు కలిసొచ్చే అంకె అంటే, పోయిన వారం ఆ తొమ్మిది నేనే పెట్టాను తల్లీ. దాని చలవే ఇదంతా!”