రాయి మీద ఒక్క మాట

భార్య ధనమ్మను మట్టి చేసి వచ్చిన రోజు మొదలైన తగాదా, బందరులోని రాళ్ల కొట్టు దాకా వచ్చింది. సమాధి రాయి మీద చెక్కించాల్సిన ఒక్క ఇంగ్లీషు మాట దగ్గర యేసుదాసు మాస్టారికీ, ఆయన బావమరిది ఏలీయాకీ కుదరడం లేదు.

“ఛార్మింగ్ అని వేయించు బావా. మా అక్క ఎదురొస్తే ఆగి పలకరించనివాడు దివిసీమలో లేడు.”

“ఛార్మ్ పరిచయమైన కొత్తలోది. పెళ్లిచూపులనాటి ముచ్చట. మీ అక్కతో నేను కాపురం చేశాను.”

“పోనీ, డిలైట్?”

“బందరు లడ్డు తిన్నా డిలైటే. నోట్లో కరిగేదాకా ఉంటుంది.”

ఉలి పట్టుకుని కూర్చున్న గణపతి నవ్వు ఆపుకున్నాడు. “పొద్దెక్కుతోందండీ మాస్టారూ. ఇందాక ఎన్‌చాంటెడ్ అని ఏదో అన్నారు, అది వినడానికి బాగానే ఉందండీ.”

“అది మంత్రం వేస్తే మైమరచిపోయినవాళ్ల మాట. సమాధి మీద మంత్రాలేమిటని పాస్టరుగారు నన్ను వెలేస్తారు.”

ఏలీయాకు ఒళ్లు మండింది. “ఇన్నేళ్లూ పిల్లలకి ఇంగ్లీషు పాఠాలు చెప్పింది చాల్లేదా బావా? పోయింది మా అక్క. ఇదేం పరీక్ష పేపరు కాదు. ఇంత వెడల్పు రాయి ఎంచుకున్నావు, మన ఊళ్లో ఇంకెవరికీ లేదు. దాని మీద అక్క గొప్పతనం ఒక్క ముక్కలో చెప్పలేవా?”

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

“ఎదురుమొండి రేవు గుర్తుందా? మీ అక్క టీకాల పెట్టె ఒళ్లో పెట్టుకుని పడవెక్కేది. ఈదురుగాలి వీస్తున్నా సరే. వద్దంటే, ‘అవతల పిల్లల్ని ఎత్తుకుని తల్లులు నిలబడి ఉంటారండీ’ అనేది. నేను గట్టున ఉండిపోయేవాణ్ణి. భయమేసేది, చూపు మాత్రం పడవను వదిలి వచ్చేది కాదు. బడికి వేళవుతున్నా కదిలేవాణ్ణి కాదు. అది సంతోషం కాదు ఏలీయా, ముచ్చటా కాదు. అలా చూపు తిప్పుకోలేకపోవడానికి ఫాసినేటెడ్ అని మాట.”

ఏలీయా తల దించుకున్నాడు. “అయితే అదే వేయించు బావా,” అన్నాడు.

మాస్టారు జేబులోంచి సుద్దముక్క తీశారు. రాయి మీదకు వంగి, ఏది ఎక్కడ చెక్కాలో గణపతికి రాసిచ్చారు. తర్వాత బావమరిదిని భోజనానికి తీసుకెళ్లారు.

సాయంత్రానికి పని పూర్తయింది. ఏలీయా ఆత్రంగా రాయి ముందుకు వెళ్లాడు. ఎడమ సగంలో అక్క పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉన్నాయి. వాటి కింద ఒకే మాట: నర్సు.

“ఇదేంటి బావా? పొద్దున అంత చెప్పి...”

“ఆవిడకి ఆ మాట చాలు. దాని పక్కన ఇంకే మాటా నిలబడదు.”

“మరి ఫాసినేటెడ్?”

గణపతి తడిగుడ్డ తీసుకుని కుడి సగం మీది దుమ్ము తుడిచాడు. అక్కడ యేసుదాసు అన్న పేరు, ఆయన పుట్టిన తేదీ, కింద ఆ ఇంగ్లీషు మాట కనిపించాయి. రెండో తేదీ ఒక్కటే ఇంకా చెక్కాల్సి ఉంది.