ఒకటి తక్కువ

“రిపోర్టు చూడకపోతే కొంపలేం మునిగిపోవురా. ఇంటికి పోదాం పద,” అంది తల్లి, కొడుకు చొక్కా అంచు పట్టుకుని.

జన్యుపరీక్షల విభాగం ముందు వరసగా కుర్చీలు. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పని మధ్యలో వచ్చాడు. గోళ్లలో ఇంకా గ్రీజు ఉంది. పక్కన అతని భార్య. నాలుగేళ్లలో మూడుసార్లు కడుపు నిలవలేదు ఆమెకి. కారణం తెలుసుకుందామని కిందటి నెల ఇద్దరూ రక్తం ఇచ్చారు.

ఆ రోజు నుంచీ తల్లికి కంటి మీద కునుకు లేదు. రిపోర్టుకి రమ్మని డాక్టరు రాసిచ్చిన చీటీని బీరువాలో బట్టల కింద దాచేసింది కూడా.

“మీరెందుకు అత్తయ్యా ఇంత భయపడతారు? లోపమేదైనా ఉంటే నాలోనే ఉంటుందిలెండి,” అంది కోడలు నవ్వబోతూ. నవ్వు రాలేదు.

పిలుపొచ్చింది.

డాక్టరమ్మ బల్ల మీద ఓ కాగితం పరిచింది. దాని మీద చిన్న చిన్న నల్లటి పుల్లలు, జతలు జతలుగా.

“ఇవి క్రోమోజోములు. మనుషులకి మామూలుగా నలభై ఆరు. అమ్మాయికి సరిగ్గా ఉన్నాయి. అబ్బాయికి నలభై అయిదు.”

కొడుకు మొహంలో నెత్తురుచుక్క లేదు.

“ఒకటి తక్కువా? అంటే... నేను పూర్తి మనిషిని కానా?”

“భలేవారే! కుక్కకి డెబ్భై ఎనిమిది. బంగాళాదుంపకి నలభై ఎనిమిది. లెక్కని బట్టే గొప్పయితే మనం దుంపకి దణ్ణం పెట్టాలి. మీలో రెండు అతుక్కుపోయి ఒకటిగా కనబడుతున్నాయి. సరుకేం పోలేదు, మీకే జబ్బూ లేదు. బిడ్డకి పంచేటప్పుడే లెక్క తప్పుతోంది. ప్రతిసారీ తప్పాలనేం లేదు. మార్గాలున్నాయి.”

కోడలు కళ్లు తుడుచుకుంది. తల్లి గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంది.

“ఇది చాలాసార్లు అమ్మ నుంచో నాన్న నుంచో వస్తుంది,” అంది డాక్టరమ్మ. “నాన్నగారు పోయారన్నారుగా. అమ్మగారి రక్తం తీసుకుని, ఇద్దరి రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలుతుంది.”

తల్లి చటుక్కున లేచింది. కుర్చీ వెనక్కి పడింది.

“నాకొద్దు. నాకు సూదంటే భయం.”

“నీకా?” అన్నాడు కొడుకు ఆశ్చర్యంగా. “ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టావు. వేలిలో సూది దిగి విరిగినా పని ఆపలేదు. నీకు భయమా?”

కోడలు వచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

“మీ నుంచి వచ్చిందని తేలినా మిమ్మల్ని ఎవరూ పల్లెత్తు మాట అనరు అత్తయ్యా. ఒట్టు.”

కొడుకు తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“ఇన్నాళ్లూ నీ నుంచి మంచే తీసుకున్నాను కదమ్మా. ఇదొక్కటి వస్తే ఏడుస్తానా? నా కోసం.”

ఆ ‘నా కోసం’ అన్న మాటని ఆమె ఏనాడూ కాదనలేదు.

రక్తం తీసే గదిలోకి ఆమెని ఒక్కదాన్నే పంపారు. టెక్నీషియన్ ఆమె చేతికి రబ్బరు పట్టీ కట్టి, ఫారం ముందుకి లాక్కుంది.

“వయసు?”

“అరవై రెండు.”

“బీపీ?”

“ఉంది.”

“కాన్పులెన్ని?”

ఆమె తల తిప్పి చూసింది. తలుపు అద్దంలోంచి కొడుకు కనబడుతున్నాడు. ఏం కాదన్నట్టు చెయ్యి ఊపాడు.

“నిజం చెప్పాలమ్మా. ఇందులో తప్పు రాస్తే లెక్కంతా తారుమారవుతుంది. కాన్పులెన్ని?”

తల్లి తలుపు వైపు వీపు తిప్పుకుంది.

“ఒక్కటీ లేదు తల్లీ, ఆ మాట వాడికి మాత్రం చెప్పకు,” అంది.