రోజుకో క్లిక్కు

"వచ్చిందా తల్లీ?" అన్నాడు టైలరు, గొడుగు మడుస్తూనే.

లెక్కల పిల్ల అతనికి కుర్చీ జరిపింది. వెబ్‌సైట్లలో ప్రకటనలు పెట్టించే ఆ ఆఫీసులో, ఏ ప్రకటన మీద రోజూ ఎన్ని క్లిక్కులు పడ్డాయో చూసి చెప్పడం ఆమె పని. ఆ పేరు అలా వచ్చిందే. సబ్బుల ప్రకటనలకు రోజుకు వేలల్లో పడతాయి. టైలరు ప్రకటనకు నలభై రోజులుగా, ఆదివారాలు తప్ప, రోజూ పొద్దున ఒక్కటే.

కుట్టుపని నేర్పే ఓ సైటులో, ఓ మూల, నాలుగే మాటలు: 'చెల్లీ, తప్పు నాదే. రా.' దాని మీద నొక్కితే అతని కొట్టు చిరునామా, ఫోను నంబరు కనిపిస్తాయి.

మనసుపడ్డవాణ్ణి చేసుకుందని పన్నెండేళ్ల కిందట చెల్లెల్ని గడప తొక్కొద్దన్నాడు. ఆ పిల్ల నిజంగానే తొక్కలేదు. ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలీదు. ఆ ఒక్క క్లిక్కు చెల్లెలిదేనని అతని నమ్మకం. ఆదివారం రాదు చూశావా, ఆ రోజు మొగుడు ఇంట్లో ఉంటాడు, నా పేరెత్తితే అతనికి ఒళ్లు మంట అనేవాడు. ఇవాళో రేపో మొహమాటం వదిలి ఫోను చేస్తుందనేవాడు.

చూపు మందగించి, సూదిలో దారం ఎక్కించడమే గగనమైపోయిందతనికి. కొట్టు కట్టేసి కూతురి ఊరు వచ్చెయ్యమని భార్య అక్కడ కూర్చుని పోరుతోంది. చెల్లెలు వచ్చేసరికి తలుపుకు తాళం ఉంటే ఎలా అని ఈ మనిషి కదల్లేదు.

"కూర్చోండి మాస్టారూ," అంది లెక్కల పిల్ల.

సెలవులో ఉన్న ఇంజినీరు సొరుగులో నిన్న ఆమెకో నోటుపుస్తకం దొరికింది. ప్రకటనలు పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి రోజూ పొద్దున ఒక్కోదాని మీద కంప్యూటరే ఒక క్లిక్కు కొడుతుందనీ, ఆదివారం కొట్టదనీ అందులో ఉంది. ఇంకా ఆశపెట్టడం పాపమనిపించి, ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేసింది.

టైలరు వేలికున్న ఇనప తొడుగును కాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"ఒక్కరోజైనా మా చెల్లి కాదా తల్లీ?"

"కాదు మాస్టారూ. మా కంప్యూటరే."

"అయితే ఆ ప్రకటన తీసెయ్. అది కనిపిస్తుంటే మళ్లీ ఆశ పుడుతుంది."

అతని కళ్లెదుటే తీసేసింది. అతను గొడుగు కూడా మర్చిపోయి వెళ్లిపోయాడు.

సోమవారం ఆ గొడుగు ఇచ్చేద్దామని కొట్టుకు వెళ్తే తాళం ఉంది. మిషను కూడా అమ్మేసి వెళ్లిపోయాడన్నారు పక్కకొట్టువాళ్లు. ఫోను చేస్తే ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదంది. కూతురి ఊరేదో ఎవరికీ తెలీదు.

ఇంజినీరు సెలవు ముగించుకుని ఆ రోజే వచ్చాడు. లెక్కల పిల్లకు ఏడుపు ఆగలేదు. ఆ పొద్దుటి క్లిక్కు ఇకనైనా ఆపెయ్యమని, దానివల్ల ఒక పెద్దాయన ఉసురు పోసుకున్నామని చెప్పింది. ఇంజినీరు నోటుపుస్తకం అందుకుని చూసి, అర్థంకానట్టు ఆమె వైపు తిరిగాడు.

"ఈ క్లిక్కు నిరుడే ఆపేశానమ్మా."