మేడమీది పొగ

పాండేసర సందు మొదట్లోనే గంగారాంకు ఆ వాసన తగిలింది. చెరకు పిప్పి పొగలో నిదానంగా మగ్గుతున్న పంది పక్కటెముకల వాసన.

అతని కాళ్లు ఆగిపోయాయి. ఈ సందులో ఆ వంట ఎరిగిన ఇల్లు ఒక్కటే. అది అతని ఇల్లు. అద్దకం మిల్లులో తనతో పనిచేసిన అస్సాం మనిషి దగ్గర నేర్చుకున్నాడు. సెలవునాడు మేడమీద పాత నూనెడ్రమ్ము నిలబెట్టి, ఉప్పూ పసుపూ కారమూ పట్టించిన పక్కటెముకలను తీగలకు వేలాడదీసి, అడుగున తడి పిప్పి రాజేసి, పూటంతా పొగబెట్టేవాడు. ఇంట్లో తినేది అతనొక్కడే. భార్య ఐలమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిరిగేది.

ఆ ఐలమ్మనూ, బడికి పోయే కొడుకునూ విడిచి, మరొక స్త్రీ వెంట భివండీకి పోయి పన్నెండేళ్లు దాటింది. ఒక్క కబురైనా పంపలేదు. ఊపిరితిత్తులు చెడగానే ఆ స్త్రీ అతనిని ఆసుపత్రిలో చేర్చి మళ్లీ కనిపించలేదు. ఆ మంచం మీద అతనికి వారాలూ తిథులూ ఏకమైపోయాయి. లేచి నడవగలిగిన నాడు బట్టల మూటతో రైలెక్కాడు. తల దాచుకోవడానికి ఈ గడప తప్ప అతనికి మరొకటి మిగలలేదు.

కింది వాటాలో బట్టలు ఆరేస్తున్న యువతిని, పైన ఆ పొగ ఏమిటని అడిగాడు.

“ఐలమ్మత్త వాళ్లది తాతా. ఏడాదికి ఒక్కపారే లేస్తది. రోజూ అయితే ఈ సందోళ్లు ఊకుంటరా? గీ ఒక్కనాడు జర ముక్కు మూసుకుంటరు.”

“ఇప్పుడు వాళ్లు గూడ తింటున్నరా ఆ కూర?”

“యాడిది? ఒక్కరు ముట్టరు. వండుడు మాత్రం తప్పదు.”

అతను ఇక నిలవలేదు. తినేవాడు లేకున్నా వండుతున్నారంటే, ఎవరి కోసం? తాను రాకముందే తన కోసం పొయ్యి రాజుకున్నదనుకున్నాడు. మెట్లు ఎక్కుతుంటే దగ్గు కమ్ముకొచ్చింది.

ఆ దగ్గు విని ఐలమ్మ బయటికి వచ్చింది. వెనుక కొడుకు రాజు. అతని వెనుక కోడలు కాబోలు, చేతుల్లో నిండుగా వడ్డించిన విస్తరి. గంగారాంను చూసి ముగ్గురూ కదలక నిలబడ్డారు.

“నేనే,” అన్నాడు గంగారాం.

“కనవడ్తనే ఉన్నవు,” అన్నది ఐలమ్మ. “గడపల కూసో.”

లోపలికి రమ్మనలేదు. దుమ్ము కాళ్లు గదా అని అతను సమాధానపడ్డాడు. ఆమె చెంబుతో నీళ్లిచ్చింది. పీట వేసింది. కోడలి చేతిలోని విస్తరి అందుకుని అతని ముందు పెట్టింది. నల్లగా నిగనిగలాడే పక్కటెముకలు, వేడి అన్నం, పచ్చిపులుసు, గారెలు. పక్కన అతను కాల్చే రకం బీడీల కట్ట.

“అత్తమ్మా, మరి గిప్పుడు...” అన్నది కోడలు సన్నగా.

“ఏం గాదు సంధ్యా. ఆకు ఎవరికి వేసినమో వాళ్లకే అందుతున్నది.”

గంగారాం ముద్ద కలపబోయి ఆగాడు. “మీరు తినలేదా?”

“పొద్దటి సంది మంచినీళ్లు గూడ ముట్టలే,” అన్నాడు రాజు. “ముందు నువ్వు తినాలె బాపు.”

పంటికి తగలగానే మాంసం ఎముకను విడిచి జారింది. అతని కళ్లు చెమ్మగిల్లాయి.

“ఎవరు పొగబెట్టిన్రు? నాకంటె మంచిగ కుదిరింది.”

“అమ్మనే.”

“నీకు ఈ వాసన పడదు గద ఐలమ్మా.”

“పడదు. ఏటా కక్కుకుంటనే చేస్త.”

“అంటే నన్ను మరువలే.”

“మరిస్తె పాపం మాకు తగులుతది,” అన్నదామె. “ఇంకొంచెం ఎయ్యనా?”

ఇంతటి ఓర్పు తన ఇంట్లోనే ఉండగా ఎక్కడెక్కడో తిరిగానని అతను లోలోపల కుమిలిపోయాడు. ఎముకలు ఒక్కొక్కటే చీకి విస్తరి అంచున పేర్చాడు. తిన్నంతసేపూ ఎవరూ కూర్చోలేదు. చేయి కడిగిన తరువాత కొడుకూ కోడలూ వంగి, అతని పాదాల ముందు నేలకు నుదురు ఆనించి మొక్కారు. లేచేసరికి రాజు ముఖం తడిసి ఉంది. అతను తండ్రి మూట అందుకుని, తల్లి వైపు చూడకుండా అన్నాడు.

“లోపట మూలకు మంచమేస్త బాపు.”

గంగారాం గోడ పట్టుకుని లేచి, గడప మీద కాలు మోపాడు. ఐలమ్మ ద్వారానికి అడ్డంగా చేయి చాచింది. కొడుకు చేతిలోని మూట తీసుకుని, మిల్లు గొట్టాల మీదికి వాలుతున్న పొద్దును ఒకసారి చూసింది.

“పెత్రమాస నాడు చచ్చినోళ్లు గడప దాంక వస్తరు, పెట్టింది తింటరు, పొద్దు గూకకముందే మళ్లిపోతరు,” అంటూ ఆ మూటను అతని చేతికే తిరిగి ఇచ్చింది.